కెనడా పీఆర్ కోసం ఫ్రెంచ్: ఎవరికి పనికొస్తుంది, ఎలా మొదలుపెట్టాలి

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం, పాయింట్లు లెక్కేసి మనుషుల్ని పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ వేసి స్కోర్ 400 దగ్గర ఆగిపోయినవాళ్ళు మనవాళ్ళలో చాలామంది ఉన్నారు. ఐఈఎల్‌టీఎస్ మళ్ళీ రాస్తారు, ఇంకో మాస్టర్స్ చేద్దామా అనుకుంటారు, ఈలోపు 30 దాటినప్పటి నుంచి ఏడాదికి 5, 6 పాయింట్లు వయసు కిందే పోతుంటాయి. అలాంటివాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, ఫ్రెంచ్ నేర్చుకోండి, కానీ సగంలో ఆపేసే ఉద్దేశం ఉంటే మాత్రం పీఆర్ కోసం అసలు మొదలుపెట్టొద్దు. ఎందుకో లెక్క చూడండి.

34 ఏళ్ళు, పెళ్ళి కాలేదు, బీటెక్ ఒక్కటే, ఇండియాలో 3 ఏళ్ళ పైన ఎక్స్‌పీరియన్స్, ఇంగ్లీష్‌లో నాలుగింట్లోనూ సీఎల్‌బీ (కెనడా వాళ్ళ ఇంగ్లీష్ లెవెల్ స్కేల్) 9, కెనడాలో పని చేయలేదు అనుకుందాం, అప్పుడు సీఆర్‌ఎస్ స్కోర్ (ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్ల మొత్తం) 402 వస్తుంది. ఫ్రెంచ్‌లో లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ నాలుగింట్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కి అలాంటి స్కేలే) 7 తెచ్చుకుంటే సెకండ్ లాంగ్వేజ్ కింద 12, అదనంగా 50, మొత్తం 62 కలిసి 464 అవుతుంది. అసలు లాభం ఆ 62 కూడా కాదు, 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి విడిగా డ్రాలు (కటాఫ్ స్కోర్ పెట్టి పీఆర్‌కి పిలిచే రౌండ్లు) తీస్తున్నారు, వాటిలోకి వెళ్ళే అర్హత రావడం. 2024 ఫిబ్రవరిలో ఒక డ్రా కటాఫ్ 336కి దిగింది. 2025 మార్చిలో 379కే ఒకేసారి 7,500 మందిని పిలిచారు. అదే ఏడాది ఆగస్టులో 481కి ఎక్కింది కూడా, కాబట్టి ఎప్పుడూ తక్కువే ఉంటుందని నేను చెప్పను, కానీ 2025లో కెనడాలో పని చేసిన అనుభవం ఉన్నవాళ్ళ డ్రాలే 500 పైన నడిచాయి, ఇక్కడ కూర్చుని 402తో అక్కడికి చేరడం ఎంత కష్టమో మీకే తెలుసు.

ఇప్పుడు చాలామంది సరిగ్గా పట్టించుకోని విషయం. మూడింట్లో 7 వచ్చి ఒక్క రైటింగ్‌లో 6 వచ్చిందనుకోండి, ఆ 50 పోతుంది, ఫ్రెంచ్ డ్రా అర్హత పోతుంది, 62 కాస్తా 10 అయిపోతుంది. అందుకే ఏ2 (భాష లెవెల్స్ ఏ1, ఏ2, బీ1, బీ2 అలా పైకి వెళ్తాయి) వరకు నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే పీఆర్‌కి ఏదో కొంత కలిసొస్తుందిలే అనుకోవద్దు. మీ టార్గెట్ బీ2, అంటే దాదాపు ఎన్‌సీఎల్‌సీ 7, అది కూడా నాలుగింట్లో.

ఇంకోటి, ఇదంతా క్యుబెక్‌కి వెళ్ళడానికి కాదు. క్యుబెక్‌కి సెలెక్షన్ సిస్టమ్ వేరే ఉంది, అక్కడ స్థిరపడాలనుకునేవాళ్ళు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కాదు ఆ దారి చూసుకోవాలి. క్యుబెక్ బయట ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళ వాటా తగ్గిపోతోందని ఫెడరల్ గవర్నమెంట్ ఈ పాయింట్లు ఇస్తోంది, 2025కి క్యుబెక్ బయట కొత్త పీఆర్‌లలో 8.5 శాతం ఫ్రెంచ్ వచ్చినవాళ్ళు ఉండాలని టార్గెట్ పెట్టుకున్నారు.

టైమ్ ఎంత పడుతుంది అంటే, సున్నా నుంచి బీ2కి 600 గంటలు అటూఇటూ అని మామూలుగా చెప్తారు. ఉద్యోగం చేసుకుంటూ రోజుకి రెండు గంటలు కూర్చోగలిగితే ఏడాది దగ్గర పెట్టుకోండి. మూడు నెలల్లో బీ2 అని యాడ్ వేసే కోచింగ్ కనిపిస్తే డబ్బు కట్టొద్దు దయచేసి. హైదరాబాద్‌లో ఉంటే బంజారాహిల్స్‌లో అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది, ఇఫ్లూ యూనివర్సిటీలోనూ ఫ్రెంచ్ చెప్తారు, దూరంగా ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్ క్లాసులు సరిపోతాయి. ఇంటర్‌లో మార్కుల కోసం ఫ్రెంచ్ తీసుకున్నవాళ్ళకి కొంచెం గ్రామర్ గుర్తుంటుంది, కానీ లిజనింగ్ మాత్రం మొదటి నుంచే మొదలుపెట్టాలి.

మన తెలుగువాళ్ళకి కొన్ని తేలిక. నేను వచ్చాను, నువ్వు వచ్చావు, వాళ్ళు వచ్చారు అని మనిషిని బట్టి క్రియ మార్చడం మనకి పుట్టుకతోనే అలవాటు, తు, వూ తేడా అయితే నువ్వు, మీరు తేడానే, వేరే చెప్పక్కర్లేదు. ఫ్రెంచ్ ర గొంతులోంచి రావాలి, హైదరాబాదీలకి చిన్న చిట్కా, ఉర్దూవాళ్ళు గజల్ అన్నప్పుడు వచ్చే గ దానికి బాగా దగ్గర. కష్టమైనవి ఏంటంటే వస్తువులకి కూడా ఆడ, మగ లింగం ఉండటం, రాసిన అక్షరాల్లో సగం పలక్కపోవడం, తర్వాత అంకెలు. 70ని అరవై పది అంటారు, 80ని నాలుగు ఇరవైలు, 99ని నాలుగు ఇరవైలు పందొమ్మిది, ఆడియోలో ఫోన్ నంబర్ చెప్పేస్తుంటే బుర్ర అక్కడే ఆగిపోతుంది. మొదటి నెలలోనే అంకెలు రోజూ విని రాసుకోండి.

వినడానికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. టీవీ5మాండ్ అనే ఫ్రెంచ్ ఛానల్ వాళ్ళ ఫ్రీ ఎక్సర్‌సైజులు లెవెల్ వారీగా ఉంటాయి, ఏ2 దాటాక ఆర్ఎఫ్ఐ అనే ఫ్రెంచ్ రేడియో వాళ్ళ తేలిక ఫ్రెంచ్ వార్తలు రోజుకి పది నిమిషాలు, ముందు స్క్రిప్ట్ లేకుండా, తర్వాత స్క్రిప్ట్‌తో. మాట్లాడటం మాత్రం మొదటి వారం నుంచే చేయాలి, అన్నీ వచ్చాక మాట్లాడదాం అని ఆగేవాళ్ళే స్పీకింగ్‌లో ఇరుక్కుంటారు.

పరీక్షకి టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా, ఈ రెండిట్లో ఏదైనా ఒకటి రాయాలి. డెల్ఫ్ అనే ఇంకో ఫ్రెంచ్ పరీక్ష సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, చదువుకి మంచిదే, కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో తీసుకోరు, ఇది తెలియక డబ్బు తగలేసుకోవద్దు. టీసీఎఫ్‌లో లిజనింగ్ 39 ప్రశ్నలు 35 నిమిషాల్లో, ఆడియో ఒక్కసారే వేస్తారు, పోనుపోను కష్టమవుతాయి. రైటింగ్ మూడు భాగాలు గంటలో, చివరిది రెండు అభిప్రాయాలు పోల్చి మీ మాట చెప్పడం. స్పీకింగ్ 12 నిమిషాలు, అందులో రెండో భాగంలో మీరే ప్రశ్నలు అడగాలి, కాబట్టి ప్రశ్నలు వేయడం విడిగా ప్రాక్టీస్ చేయండి. ఎన్‌సీఎల్‌సీ 7కి లిజనింగ్‌లో 458, రీడింగ్‌లో 453, రైటింగ్, స్పీకింగ్‌లో 20కి 10 రావాలి. స్లాట్లు త్వరగా అయిపోతాయి, బీ1 దాటిన వెంటనే వెతకడం మొదలుపెట్టండి.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. టొరంటోలో సాఫ్ట్‌వేర్ డెవలపర్‌కి ఫ్రెంచ్ వల్ల జీతం పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. కానీ కస్టమర్ సపోర్ట్, బ్యాంకులు, ఇన్సూరెన్స్, హెచ్‌ఆర్, టీచింగ్, ఫెడరల్ గవర్నమెంట్ ఉద్యోగాల్లో రెండు భాషలు వచ్చినవాళ్ళకి విడిగా పోస్టులు ఉంటాయి, ముఖ్యంగా ఒట్టావా చుట్టుపక్కల, ఇంకా రెండు అధికార భాషలున్న ఒకే ఒక్క ప్రావిన్స్ న్యూ బ్రన్స్‌విక్‌లో. ఇక్కడ హైదరాబాద్‌లో కూడా సనోఫీ, క్యాప్‌జెమినీ, సఫ్రాన్ లాంటి ఫ్రెంచ్ కంపెనీలు ఉన్నాయి, ఫ్రెంచ్ క్లయింట్లతో పనిచేసే టీముల్లో భాష వచ్చిన మనిషికి విలువ వేరు.

బీ2 రాకముందే పనికొచ్చే దారి కూడా ఒకటుంది, ఫ్రాంకోఫోన్ మొబిలిటీ వర్క్ పర్మిట్. క్యుబెక్ బయట ఎవరైనా ఉద్యోగం ఇస్తే, లిజనింగ్, స్పీకింగ్‌లో ఎన్‌సీఎల్‌సీ 5 ఉంటే చాలు, ఎల్ఎంఐఏ (విదేశీ మనిషిని తీసుకోవడానికి కంపెనీ తెచ్చుకోవాల్సిన గవర్నమెంట్ అనుమతి) అవసరం లేదు. ఉద్యోగం దొరకడమే కష్టం, నిజమే, కానీ బీ1 దగ్గర ఉన్నప్పటి నుంచే అప్లై చేస్తూ ఉండండి, ఆఫర్ లెటర్‌కి డబ్బు అడిగేవాళ్ళని మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

రిజల్ట్ వచ్చిన రోజే ప్రొఫైల్‌లో ఎక్కించండి. రిజల్ట్ గడువు రెండేళ్ళు, ఇన్విటేషన్ వచ్చాక అప్లికేషన్ పెట్టడానికి 60 రోజులు ఇస్తారు, అప్లికేషన్ పెట్టే రోజుకి ఇంగ్లీష్, ఫ్రెంచ్ రిజల్ట్స్ రెండూ గడువులో ఉండాలి. ఫ్రెంచ్ కోసం ఏడాది కూర్చునేలోపు పాత ఐఈఎల్‌టీఎస్ గడువు అయిపోతుందేమో ఇవాళే ఒకసారి తేదీ చూసుకోండి.