డిజిటల్ ఇంకింగ్‌లో గీత వణుకుతోందా? ముందు ఛార్జర్ పీకి చూడండి

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి, ల్యాప్‌టాప్‌కు పెన్ ట్యాబ్లెట్ (పెన్నుతో గీసే పలక) తగిలించి కామిక్స్ గీసే పిల్లలు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు చాలాసార్లు ఒకటే: "అన్నా, గీత వణుకుతోంది." వచ్చేసరికే డ్రాయింగ్ యాప్‌లో గీతను నున్నగా సరిదిద్దే స్టెబిలైజర్ సెట్టింగ్ బాగా పెంచేసి ఉంటారు. ట్యాబ్లెట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, తీసేసి మళ్లీ వేసి ఉంటారు. కొందరైతే కొత్త పెన్ను ఆర్డర్ కూడా పెట్టేసి ఉంటారు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి ఒక్క గీత గీసి చూసినవాళ్లు మాత్రం దాదాపు ఉండరు. దయచేసి మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి.

నెమ్మదిగా గీస్తే గీత వంకర్లు పోతోంది

స్టెబిలైజర్ సున్నాకు తెచ్చి సన్నటి ఇంకింగ్ బ్రష్ (పెన్సిల్ బొమ్మ మీద తుది గీతలు వేసేది) తీసుకోండి. ట్యాబ్లెట్ మీద ప్లాస్టిక్ స్కేలు ఏటవాలుగా పెట్టి, దాని అంచు వెంట పెన్నును బాగా నెమ్మదిగా లాగండి. పక్కనే అలాంటిదే ఇంకో గీత వేగంగా లాగండి. వేగంగా లాగింది నున్నగా వచ్చి, నెమ్మదిగా లాగింది ఇంచుమించు సమాన దూరాల్లో అటూ ఇటూ ఒంగితే తప్పు మీ చేతిది కాదు. స్కేలు ఆనించిన గీతలో చేతి వణుకు అంతగా కనబడదు. ఇప్పుడు ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీదే మళ్లీ గీయండి. వంకర్లు పోయినా, బాగా తగ్గినా దోషం ఛార్జర్ దారిన వచ్చే కరెంటులో ఉన్నట్టు.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన కారణం ఇదే. గీత తప్పితే చేతినో పెన్నునో అనుమానిస్తాం తప్ప గోడకున్న బోర్డు వైపు చూడం.

మన దగ్గర ఎక్కువగా వాడే పెన్ ట్యాబ్లెట్లలో పలక కింద సన్నటి తీగచుట్ల వల ఉంటుంది. పెన్ను పంపే చాలా బలహీనమైన సంకేతాన్ని ఆ చుట్లు పట్టుకుంటాయి. ఏ చుట్టుకు ఎంత అందిందో చూసి, రెండు చుట్ల మధ్య నిబ్ (పెన్ను మొన) ఎక్కడుందో ట్యాబ్లెట్ లెక్క వేస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ 230 వోల్టుల కరెంటును ముక్కలు ముక్కలుగా కోసి తగ్గిస్తుంది కాబట్టి దాంట్లో ఎప్పుడూ కొంత నాయిస్, అంటే అక్కరలేని విద్యుత్ అలజడి, పుడుతుంది. ఎర్తింగ్ సరిగా ఉంటే అది చాలావరకు భూమిలోకి పోతుంది. లేకపోతే ల్యాప్‌టాప్ బాడీలోనే తిరిగి, యూఎస్‌బీ కేబుల్ దారిన ట్యాబ్లెట్‌లోకి దిగి ఆ లెక్కను చెడగొడుతుంది. ఓరుగల్లు కోట తోరణం గీసేవాళ్లకు ఇది వెంటనే కనబడుతుంది. అడ్డదూలం కింద ఏటవాలుగా ఉండే దన్నులను జాగ్రత్తగా, నెమ్మదిగా లాగుతారు కదా, వణుకు అక్కడే బయటపడుతుంది.

ఎర్తింగ్ లేదని చెప్పే గుర్తు ఇంకొకటి ఉంది. ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లోహపు మూత మీద వేళ్ల వెనక భాగం తేలిగ్గా ఆనించి కదపండి. జిల్లుమని సన్నగా తగులుతుంది. ఇది తెలిసి కూడా "మా ల్యాప్‌టాప్ అంతే అన్నా" అని సర్దుకుపోతున్నవాళ్లు చాలామంది.

పరిష్కారం తేలికైన దానితో మొదలుపెట్టండి. మూడు పిన్నుల ప్లగ్గుకు టూ పిన్ కన్వర్టర్ తగిలించి ఉంటే తీసేయండి, ఎర్త్ అక్కడే తెగిపోతోంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ప్లగ్గుకు కూడా మూడు పిన్నులు ఉన్నాయో లేదో చూడండి. రెండే ఉంటే బాక్స్‌లో మూడు రంధ్రాలున్నా లాభం లేదు. అద్దె గదుల్లో ఇంకో మోసం ఉంటుంది: సాకెట్‌లో ఎర్త్ కోసం పెద్ద రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. దీన్ని ఎలక్ట్రీషియన్‌తోనే చూపించండి. ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపి పని అయిపోయిందనిపించేవాళ్లను మాత్రం ఒప్పుకోవద్దు, అది ప్రాణాలమీదికి తెస్తుంది. సొంత ఇల్లయితే బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తింగ్ గుంత ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో ఆ నేల ఎండిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది. నీళ్లు పోస్తూ ఉండాలి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లగానే వణుకు మొదలైతే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు. ఆ కాసేపు బ్యాటరీ మీద గీసుకోండి. పుట్టుకతోనే రెండు పిన్నుల ఛార్జర్ వచ్చిన ల్యాప్‌టాప్‌కూ అదే మార్గం: ఇంకింగ్‌కు బ్యాటరీ, రంగులకు ఛార్జర్.

బ్యాటరీ మీద కూడా వంకర్లు అలాగే ఉంటే ట్యాబ్లెట్ పక్కనున్న ఫోన్, స్పీకరు తీసేసి, ఇనుప టేబుల్ అయితే చెక్క టేబుల్‌కు మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే అది ట్యాబ్లెట్ స్వభావమే. కొన్నింటిలో, ముఖ్యంగా స్క్రీన్ ఉన్న చవక రకాల్లో, ఏటవాలు గీతకు కొంత వంకర తప్పదు. స్టెబిలైజర్ అవసరం నిజంగా అక్కడే. అదీ కొద్దిగానే పెంచండి. ఎక్కువైతే గీత పెన్ను వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, కంటి కొస, కొంగు మడత లాంటి పదునైన మలుపులు గుండ్రంగా అరిగిపోతాయి.

గీత మొదట్లో చిన్న వలయం తిరుగుతోంది, ప్రెజర్ పనిచేయడం లేదు

ప్రెజర్ అంటే పెన్ను నొక్కేకొద్దీ గీత మందమవడం. ఇది విండోస్‌తో వచ్చే తలనొప్పి. పెన్ను నొక్కి పట్టుకుంటే రైట్ క్లిక్ అయ్యే సెట్టింగ్ ఆపేయండి. పెన్ను సమాచారం యాప్‌కు చేరడానికి విండోస్‌లో రెండు దారులున్నాయి, డ్రైవర్, డ్రాయింగ్ యాప్ ఒకే దారిలో ఉన్నాయో లేదో తర్వాత చూడండి. క్రిటాలో అయితే ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌లో విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని రెండు ఉంటాయి. క్లిప్ స్టూడియో పెయింట్ ప్రిఫరెన్సెస్‌లో విన్‌ట్యాబ్, ట్యాబ్లెట్ పీసీ అని ఉంటాయి. ఒకటి మార్చి, యాప్ మూసి తెరిచి చూడండి. డ్రైవర్‌లో విండోస్ ఇంక్ ఆపేసి యాప్‌లో అదే ఎంచుకుంటే ప్రెజర్ రాదు.

ప్రింట్ తీస్తే అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి

కాన్వాస్ చిన్నది. ఏ4 పేజీ 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) 595×842 పిక్సెళ్లే. అదే 600 డీపీఐలో 4961×7016. నలుపు తెలుపు కామిక్‌ను 600లో గీయండి, రంగులదైతే 300 నుంచి 350 చాలు. గీత సంగతి అలా ఉంచి, తక్కువ రిజల్యూషన్‌లో మాటల బెలూన్లలోని తెలుగు వత్తులు పూడుకుపోయి చదవడానికి రావు. చిన్న కాన్వాస్‌ను తర్వాత పెంచితే బాగుపడదు, ఇంకింగ్ మళ్లీ వేసుకోవాల్సిందే.

రంగు నింపాక గీత పక్కన తెల్ల చార మిగిలితే ఫిల్ టూల్‌లో రంగు నిండే మేరను ఒకటి రెండు పిక్సెళ్లు పెంచండి. అంతే.

గీత నున్నగా ఉంది కానీ బొమ్మలో జీవం లేదు

తప్పు యంత్రానిది కాదు, మీరు బాగా జూమ్ చేసి గీస్తున్నారు. అప్పుడు పొడవాటి గీత ముక్కలు ముక్కలుగా అతికించినట్టు వస్తుంది, మందం అంతటా ఒకటే ఉంటుంది. పేజీ సగమైనా కనబడేలా ఉంచి, మణికట్టుతో కాకుండా భుజం నుంచి ఒక్క ఊపులో లాగండి. గీత హద్దు దాటితే దాటనీయండి. క్లిప్ స్టూడియోలో వెక్టర్ లేయర్ (గీతను పిక్సెళ్లుగా కాక గీతగానే దాచే పొర) మీద గీస్తే, గీతలు కలిసే చోటు వరకే తుడిచే రబ్బరు ఉంది. చేర్యాల నకాషీ పటాలను దగ్గరగా చూడండి. ఎర్రటి నేపథ్యం మీద ఇన్ని బొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా నిలబడడానికి చుట్టూ ఉన్న నల్ల గీతే ఆధారం. మీ పేజీలో కూడా ముందున్న మనిషి చుట్టూ గీత మందంగా, వెనకున్న గోడకు సన్నగా ఉండాలి.

మిగతావి అరుదు. నిబ్ ఒక పక్క అరిగి పలకను గీకుతుంటే మార్చండి. గీత మధ్యలో తెగిపోతుంటే కేబుల్ మార్చి చూడండి. పెన్నే పాడవడం చాలా తక్కువ, కొనే ముందు మీ ట్యాబ్లెట్‌ను ఇంకొకరి ల్యాప్‌టాప్‌కు, అదీ వాళ్లింట్లోనే, తగిలించి గీసి చూడండి.