కంటి పక్కచూపుతో చదవడం నేర్చుకున్నాను

మాక్యులా, అంటే కంటి లోపలి తెర (రెటీనా) నడిమి భాగం, దెబ్బతిన్నాక పేపరు పట్టుకుంటే చూసిన అక్షరమే మాయమయ్యేది, పక్కవి కనబడేవి. కళ్ళద్దాలు మూడుసార్లు మార్చాను, డబ్బు దండగ. లోపం అద్దాల్లో లేదు, రెటీనా నడిబొడ్డున ఉంది.

పునరావాస శిక్షణలో గడియారం బొమ్మ ముందు పెట్టి, నడుమ ఉన్న చుక్కను కాకుండా ఒక్కో అంకెనూ చూడమన్నారు. 12 వైపు చూసినప్పుడు చుక్క తేటగా కనబడింది. అంటే, నా కంటికి వరుస కన్నా కాస్త పైకి చూస్తేనే కింది అక్షరాలు దొరుకుతాయి. మొదటి వారం కళ్ళు మొండికేసి మళ్ళీ మధ్యకే పరుగెత్తేవి. రోజూ కాసేపు, ముందు పెద్ద అక్షరాలతో, తర్వాత కన్ను కదపకుండా కాగితాన్నే ఎడమకు జరుపుతూ సాధన చేశాను. భూతద్దం, పుస్తకం మీదే పడే దీపం తోడయ్యాయి.

'థ', 'ధ' తేడా ఇప్పటికీ చుక్కలు చూపిస్తుంది కానీ, కరెంటు బిల్లు నేనే చదువుకుంటున్నాను. మాట్లాడేటప్పుడు వాడి తల మీదుగా ఎవరినో చూస్తున్నానని మనవడి ఫిర్యాదు.