అపోజిటివ్‌లో కామా తేడా కొడుతోందా? ముందు లెక్క చూడండి

ఇంగ్లిష్‌లో పేరు పక్కన ఆ మనిషెవరో, ఆ ఊరేదో చెప్పే మాట, అంటే అపోజిటివ్, పెట్టడం మీకు వచ్చు. చిక్కంతా కామా దగ్గరే వస్తుంది.

సమస్య: వాక్యం సగంలో తెగినట్టుంది
‘హైదరాబాద్, ది క్యాపిటల్ ఆఫ్ తెలంగాణ స్టాండ్స్ ఆన్ ది మూసీ.’

కారణం: మొదటి కామా పెట్టి రెండోది వదిలేశారు. నేను దిద్దే పేపర్లలో రోజూ కనిపించేది ఇదే.

పరిష్కారం: మధ్య మాటను వేలితో మూసి చదవండి. ‘హైదరాబాద్ స్టాండ్స్ ఆన్ ది మూసీ’ అని మిగులుతుంది, వాక్యం బాగానే ఉంది. అంటే వేలికి అటూ ఇటూ కామా ఉండాలి. ‘తెలంగాణ’ తర్వాత పెట్టండి. ఐదు సెకన్ల పని ఇది. దయచేసి దీన్ని దాటేసి రూల్స్ వెతకకండి.

సమస్య: కామాలు రెండూ ఉన్నాయి, కానీ అర్థం తప్పు
‘మై సిస్టర్, లావణ్య, ఈజ్ ఎ నర్స్.’

ఇది చూడటానికి ఏ తప్పూ లేనట్టే ఉంటుంది. వేలు పరీక్ష కూడా పాసవుతుంది. కానీ ఆ రెండు కామాలు ‘నాకున్నది ఒక్కతే చెల్లి, ఆమె పేరు లావణ్య’ అని చెబుతున్నాయి. ఇద్దరు చెల్లెళ్లుంటే ‘మై సిస్టర్ లావణ్య ఈజ్ ఎ నర్స్’ అనే రాయాలి, కామాల్లేకుండా. తెలుగులో ఈ గొడవ లేదు. చెల్లి ఒక్కతే ఉన్నా నలుగురున్నా ‘మా చెల్లి లావణ్య నర్సు’ అనే అంటాం. అందుకే మన కంటికి ఇది ఆనదు.

ఒకసారి ఒక అమ్మాయి విదేశీ కాలేజీకి రాసుకున్న లెటర్ దిద్దుతూ ఆ కామాలు నేనే పెట్టాను. ఆమెకు ఇద్దరు చెల్లెళ్లు. ఫారంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, లెటర్‌లో ఒక్కరే ఉన్నట్టుంది. ఏది నిజమని అక్కడివాళ్లు అడిగారు. పాపం, ఆ అమ్మాయి రెండు రోజులు టెన్షన్ పడింది. అప్పటినుంచి కామా పెట్టేముందు ‘ఇంకొకరున్నారా?’ అని అడగనిదే వదలను.

పదవుల దగ్గరా ఇంతే. ‘ది ఫార్మర్ ప్రైమ్ మినిస్టర్, పి.వి. నరసింహారావు, వాజ్ బార్న్ ఇన్ 1921’ అంటే దేశానికి మాజీ ప్రధాని ఆయనొక్కరే అన్నట్టు. ‘ఫార్మర్ ప్రైమ్ మినిస్టర్ పి.వి. నరసింహారావు’ అని కామాల్లేకుండా రాయండి. పేరు ముందుకొస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది: ‘పి.వి. నరసింహారావు, ఎ ఫార్మర్ ప్రైమ్ మినిస్టర్, వాజ్ బార్న్ ఇన్ 1921.’ పేరు చెప్పగానే మనిషెవరో తెలిసిపోయింది, పదవి అదనపు సమాచారం. ఇక్కడ రెండు కామాలూ తప్పనిసరి. ఆ ‘ఎ’ కూడా మింగేయకండి.

అరుదుగా వచ్చేవి
‘ఎ డాక్టర్ ఫ్రమ్ గుంటూరు, హర్ క్లినిక్ ఓపెన్స్ ఎట్ నైన్’ అంటే క్లినిక్కే డాక్టరయింది. ‘షీ ఓపెన్స్ హర్ క్లినిక్’ అని మార్చితే సరి. అపోజిటివ్ వాక్యం చివర వస్తే రెండో కామా అక్కర్లేదు, ఫుల్‌స్టాప్ చాలు.