మలబద్ధకం: నాకు పనిచేసింది ఇది

2 ఏళ్లుగా 4 రోజులకోసారే విరేచనం, అదీ ముక్కితేనే. ఆముదం, త్రిఫల, పొద్దున్నే వేణ్ణీళ్లు, మందుల షాపు మాత్రలు, అన్నీ రెండ్రోజుల ముచ్చటే.

చివరికి ఒంగోలులో డాక్టరు గారు చెప్పినట్టు చేశాను. రాత్రి గ్లాసు నీళ్లలో చెంచా ఇసబ్గోల్ కలిపి, చిక్కబడకముందే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు. నీళ్లు తగ్గితే ఇంకా బిగుస్తుంది. మొదటి వారం మన ఎండల్లో నాకు జరిగింది అదే. పొద్దున టిఫిన్ అయిన 20 నిమిషాలకు, వచ్చినా రాకపోయినా టాయిలెట్‌లో కూర్చుని, పాదాల కింద పీట వేసుకున్నాను. తిన్నాక పేగు కదలిక పెరుగుతుంది, ఆ వేళను వదులుకోకూడదు. ఫోన్ బయటే. 10 నిమిషాలు, ముక్కకుండా.

మూడో వారానికి దారిలో పడింది. నాకు థైరాయిడ్ లేదు, ఐరన్ మాత్రలూ వాడను. అవి ఉన్నవాళ్లకు ఇదొక్కటే చాలకపోవచ్చు. రక్తం పడినా, ఊరికే బరువు తగ్గినా ముందు డాక్టరుకు చూపించుకోండి.