మొదటి స్థలం, అద్దెకివ్వడానికి కొనే మొదటి ఇల్లు: ఎక్కడ చిక్కు, ఏం చేయాలి?

విజయనగరం, శ్రీకాకుళం వైపు మొదటిసారి కొనేవాళ్లకి అడ్వాన్సు ఇచ్చాక బయటపడే చిక్కుల్లో చాలామటుకు అంతకుముందే ఏదో ఒక కాగితంలో కనిపిస్తాయి.

సమస్య: "ఈ నంబరు నిషేధిత జాబితాలో ఉంది, రిజిస్ట్రేషన్ అవదు" అన్నారు

కారణం: సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఆపేసిన భూముల జాబితా) ఉంది. ఏ క్లాజు కింద ఉందో ముందు అడగండి, మిగతాదంతా దాన్నిబట్టే. 'ఏ' కింద ఎక్కువగా డీ-పట్టాలు (ప్రభుత్వం పేదలకి అసైన్ చేసిన భూములు), 'బీ' కింద ప్రభుత్వ భూమి (చెరువు, గెడ్డ అంటే వాగు పోరంబోకులు ఇందులోకే వస్తాయి), 'సీ' కింద దేవాదాయ, వక్ఫ్ భూములు, 'డీ' కింద సీలింగు మిగులు, 'ఈ' కింద జప్తుల్లాంటివి ఉంటాయి. ఒక్కోసారి నంబరులో కొంత భాగమే డీ-పట్టా అయినా, సబ్‌డివిజన్ చేయకపోవడంతో పక్కనున్న జిరాయితీ (సొంత పట్టా భూమి) కూడా జాబితాకి ఎక్కేస్తుంది. బాగుపడే అవకాశం ఎక్కువున్నది ఈ రకానికే.

పరిష్కారం: రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో సర్వే నంబరు కొట్టి మీరే చూసుకోండి. పొరపాటున ఎక్కిందంటే, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, పాత రెవెన్యూ రికార్డు) నకలు, లింకు దస్తావేజులు జతచేసి కలెక్టరుకి అర్జీ పెట్టుకోవాల్సింది అమ్మేవాళ్లు. "ముందు కొనేయండి, తర్వాత తీయించుకుందాం" అంటే లేచి వచ్చేయండి. నోటరీ కాగితం మీదా, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదా కొనకండి. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. సీతంపేట లాంటి ఏజెన్సీ గ్రామాల్లో చవగ్గా వస్తోందంటే అక్కడ 1/70 (గిరిజన ప్రాంతాల భూబదలాయింపు చట్టం) ఉంది, గిరిజనేతరులు కొంటే చెల్లదు.

సమస్య: ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఏమీ లేదు, అయినా ఎవరో వచ్చి వాటా అడుగుతున్నారు

కారణం: ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. పంపకాలు కాని పిత్రార్జితం, కోర్టులో నలుగుతున్న దావా అందులో కనపడవు. అన్నదమ్ములు సంతకాలు పెట్టి, పెళ్లయిన ఆడపడుచుని వదిలేయడం మామూలుగా జరిగేదే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఆమెదీ కొడుకుతో సమాన వాటా.

పరిష్కారం: ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగి, అందులో ఉన్న ప్రతి ఒక్కరిచేతా దస్తావేజు మీద సంతకం పెట్టించండి. ఈసీ సర్వే నంబరుతో ఒకసారి, ఇంటి నంబరుతో ఒకసారి తీయండి, ఒకదాంట్లో లేనిది రెండోదాంట్లో దొరకొచ్చు. ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాలి.

సమస్య: బ్యాంకు లోను ఇవ్వనంది, ఇంటి ప్లాను కూడా రాలేదు

లేఅవుటుకి అప్రూవల్ లేదు. "పంచాయతీ అప్రూవ్డ్" అన్న బోర్డు చాలదు. ఎల్పీ నంబరు (లేఅవుటు అనుమతి నంబరు) తీసుకుని, ఆ ప్రాంతం వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రోపాలిటన్ ప్రాంత అభివృద్ధి సంస్థ) కిందికొస్తుందో మరో పట్టణాభివృద్ధి సంస్థ కిందికొస్తుందో కనుక్కుని అక్కడ సరిచూడండి. లేఅవుటు 500 చదరపు మీటర్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు కూడా అడగండి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి అమ్మే ప్లాట్లకైతే ఇది మరీ అవసరం.

సమస్య: అద్దె వస్తోంది, ఈఎంఐకి మాత్రం చాలట్లేదు

కారణం: లెక్క అద్దె దగ్గరే ఆగిపోయింది. 30 లక్షల ఇల్లనుకోండి. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం కలిపితే 32.25 లక్షలు. నెలకి 9,000 అద్దె, ఏడాదిలో ఒక నెల ఖాళీ, ఇంటిపన్ను, రిపేర్లకి 15,000 పోతే మిగిలేది 84,000. అంటే రాబడి 2.6 శాతం. 20 లక్షల లోను 8.5 శాతానికి 20 ఏళ్లు పెట్టుకుంటే ఈఎంఐ 17,356. నెలకి మిగిలేది 7,000 కాబట్టి, నెలనెలా 10,000 పైచిలుకు జేబులోంచే.

పరిష్కారం: ఈ ఇంటికి 8 లక్షలు మించి అప్పు చేయకండి, ఈఎంఐ 7,000 లోపే ఉంటుంది. లేదా రెండు వాటాలున్న పాత ఇల్లు చూడండి, ఒకటి ఖాళీ అయినా రెండో అద్దె వస్తుంది.

సమస్య: వాన పడితే ఇంట్లోకి నీళ్లు

పల్లపు నేల, లేదా పూడ్చిన గెడ్డ. ఎఫ్‌ఎంబీలో (సర్వే నంబరు కొలతల పటంలో) గెడ్డ గీత ఉందేమో చూడండి. పెద్దవాన పడ్డ మర్నాడు వెళ్లండి. గోడకి మోకాలెత్తు వరకే కొత్త రంగేసి ఉంటే, నీళ్లు ఎంతవరకొచ్చాయని పక్కింటివాళ్లని అడగండి. ఖాళీ స్థలమైతే మెరక వేయొచ్చు: 200 గజాలు రెండడుగులు లేపడానికి 3,600 ఘనపుటడుగులు, అంటే 36 యూనిట్ల గ్రావెల్. అణిగాక తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఆ ఖర్చు గజం ధరలో తగ్గించి బేరమాడండి.