వృద్ధాశ్రమం వంటగది: చిక్కు ఎక్కడ, సరిచేసేదెలా

యాభై మందికి వండే చోట ఇంటి లెక్కలు పనికిరావు. పైగా తినేది పెద్దవాళ్ళు. కుర్రాళ్ళు ఒక పూటలో తేరుకునే విరేచనాలు వీళ్ళని సెలైన్ దాకా తీసుకెళ్తాయి.

సమస్య: మిగిలిన అన్నం తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు

కారణం: అన్నం వాసన బాగానే ఉంటుంది, అదే మోసం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. మధ్యాహ్నం వండిన గుండిగకు మూతపెట్టి ఉంచేస్తే పైపైన చల్లారుతుంది గానీ నడుమ సాయంత్రం దాకా గోరువెచ్చగానే ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఈ బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. ఒకసారి విషం చేరాక వేడిచేసినా, పులిహోర కలిపినా పోదు.

పరిష్కారం: రాత్రికి వేరే వండుకోవడానికే నా ఓటు. తప్పక దాచాల్సి వస్తే వెడల్పాటి ట్రేలలో రెండంగుళాల మందాన పరిచి, చల్లార్చి, వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పప్పు, సాంబారు, మాంసం కూరలకూ లోతు గిన్నెలే శత్రువు. అక్కడ పెరిగేది వేరే బాక్టీరియా, కడుపునొప్పి, విరేచనాలు మర్నాటికి గానీ బయటపడవు. వాటిని చిన్న గిన్నెల్లోకి తీసి, చల్లటి నీళ్ళ తొట్టిలో ఉంచి గరిటెతో తిప్పుతూ చల్లార్చాలి. మళ్ళీ వడ్డించేముందు తెర్లేదాకా మరిగించాలి.

సమస్య: ఫ్రిజ్‌లో పెట్టినా పాలు విరుగుతున్నాయి

కారణం: గాలి ఆడనంతగా కుక్కేయడం, లేదా తలుపు రబ్బరు వదులవడం. తలుపు సందులో కాగితం పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాల్సిందే.

పరిష్కారం: లోపల ఒక థర్మామీటర్ ఉంచండి, 5 డిగ్రీలు దాటకూడదు. పచ్చి చికెన్ ఎప్పుడూ కింది అరలోనే. అన్నట్టు, ఇన్సులిన్ కూడా ఇదే ఫ్రిజ్‌లో పెడుతుంటారు. పొద్దస్తమానం తెరిచే ఫ్రిజ్ దానికి తగదు, వేరే చిన్నది కొనండి.

సమస్య: బియ్యంలో ముక్కపురుగు, పల్లీలకు బూజు

కారణం: తేమ. బస్తాలు నేలకీ గోడకీ ఆనించి పెట్టడం, పాతవి ఉండగా కొత్తవి విప్పడం.

పరిష్కారం: చెక్కబల్లల మీద, గోడకు మూరెడు ఎడంగా పేర్చండి. ప్రతి బస్తా మీదా వచ్చిన తేదీ రాయండి. పురుగుకని అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు మాత్రం వద్దు. వాటి నుంచి వచ్చే వాయువు పక్క గదిలో పడుకున్నవాళ్ళ ప్రాణం తీయగలదు. బూజుపట్టిన పల్లీలు వేయించినా పనికిరావు, పారేయండి.

సమస్య: కడిగిన కంచాలకు నీచు వాసన

కారణం: ఒకే తొట్టి నీళ్ళలో అన్నీ ముంచి, ఒకే మసిగుడ్డతో తుడవడం.

పరిష్కారం: గుడ్లు, చేపలు తిన్న కంచాలు విడిగా కడగండి. తుడవకుండా బోర్లించి ఆరబెట్టండి. మసిగుడ్డల్ని రోజూ ఉడకబెట్టి ఎండలో వేయండి.

సమస్య: ఒకే పూట ముగ్గురు నలుగురికి వాంతులు

ఆ వంటకం వడ్డన వెంటనే ఆపండి, కానీ పారబోయకండి. పరీక్షకు కొంత మూతపెట్టి ఫ్రిజ్‌లో దాచండి. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి చెప్పి, వాళ్ళు వచ్చేలోగా ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు ఎంత ఇవ్వాలో డాక్టర్ని ఫోన్లో అడగండి.