టీబీ తగ్గాక మళ్లీ తెమడలో రక్తమా? రెండో కోర్సుకు ముందు ఇది చూడండి

సమస్య: టీబీ కోర్సు పూర్తిచేసిన మనిషి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ వస్తాడు. మూడు నెలలుగా దగ్గు, ఒళ్లు తగ్గడం, తెమడలో రక్తపు చారలు. వినగానే "తిరగబెట్టింది" అని రాసేసి మళ్లీ టీబీ మందులు చేతిలో పెట్టేస్తున్నారు.

ముందు పాత ఎక్స్‌రే తెప్పించండి. బీరువా మీదో పరుపు కిందో ఉంటుంది, అడిగితే తెస్తారు. అందులో ఉన్న కావిటీ (టీబీ ఊపిరితిత్తిలో మిగిల్చిన ఖాళీ) గోడ ఇప్పుడు మందమైందా? లోపల ఉండలా ఏదైనా పెరిగి, దాని పైన నెలవంకలా గాలి కనిపిస్తోందా? అయితే ఆస్పర్‌జిల్లస్ అనే బూజును అనుమానించాలి. తడిసిన వరిగడ్డి, బూజు పట్టిన ధాన్యం, ఎరువు కుప్ప, పాత గోడలు కూల్చిన దుమ్ము, అన్నిచోట్లా దాని బీజాలుంటాయి. రోజూ అందరం పీలుస్తూనే ఉంటాం. టీబీ మిగిల్చిన ఖాళీ దొరికితే అక్కడ తిష్ఠ వేస్తుంది.

అసలు మోసం సీబీనాట్ (తెమడలో టీబీ క్రిమి డీఎన్‌ఏను వెతికే పరీక్ష) దగ్గర జరుగుతుంది. బతికున్న క్రిమి, చచ్చిన క్రిమి అనే తేడా దానికి తెలియదు. డీఎన్‌ఏ దొరికితే పాజిటివే. ఈమధ్యే మందులు వాడినవాళ్లకు "ట్రేస్" అనో "వెరీ లో" అనో వస్తే అది పాత క్రిముల అవశేషం కావచ్చు. తెమడను కల్చర్‌కు (బతికున్న క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) పంపండి. నెగిటివ్ అని తేలడానికి 42 రోజులు పడుతుంది. మనిషి బాగా దిగజారితే వేరే మాట గానీ, లేకపోతే టీబీ మందులు మొదలుపెట్టకుండా అప్పటిదాకా ఆగొచ్చు. ఎందుకంటే టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ మొదలైతే బూజు మందైన ఇట్రాకొనజోల్ రక్తంలో దాదాపు నిలవదు. "రెండూ ఇచ్చేద్దాం, ఏదో ఒకటి పనిచేస్తుంది" అనే ఆలోచన ఇక్కడ చెల్లదు. రిఫాంపిసిన్ ఆపాక కూడా రెండు వారాలు దాని ప్రభావం ఉంటుంది.

తేల్చేది రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ (ఈ బూజు మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ), దానితో పాటు సీటీ. ఐజీఈ కాదు, అది ఆస్తమా అలర్జీ లెక్క. గెలాక్టోమానన్ (ఈ బూజు గోడలోని పదార్థం) పరీక్ష రక్తంలో నెగిటివ్ వచ్చినంత మాత్రాన వదిలేయకండి, ఈ జబ్బులో తరచూ అలాగే వస్తుంది. తెమడకు ఫంగల్ కల్చర్ విడిగా రాయాలి. అయితే అందులో బూజు మొలిచిందని ఒక్కదాన్నే పట్టుకుని జబ్బు అనేయకూడదు.

వైద్యం: ఇట్రాకొనజోల్ 200 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కనీసం ఆరు నెలలు. క్యాప్సూల్ అన్నం తిన్నాకే. గ్యాస్ మాత్రలు వాడుతున్నాడేమో అడగండి, పొట్టలో ఆమ్లం తగ్గితే మందు ఒంటికి పట్టదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది వద్దు. లివర్ పరీక్షలు మామూలుగానే చేయిస్తుండాలి. ఒకే ఉండ ఉండి, ఊపిరి సత్తువ బాగుంటే సర్జన్‌కు చూపించండి. రక్తం గుక్కెడు గుక్కెడుగా పడితే మాత్రం ఓపీలో కూర్చోబెట్టకండి, ఎంబొలైజేషన్ (రక్తం కారే నాళాన్ని లోపలి నుంచి మూసేయడం) చేసే చోటికి వెంటనే పంపాలి.

మ్యూకర్, హిస్టోప్లాస్మా లాంటి వేరే బూజులు ఈ వరసలో చాలా అరుదు. పొగతాగే పెద్దవయసు మనిషి అయితే క్యాన్సర్ కాదని తేల్చుకోండి.